వాదనల మీద పీహెచ్‌డీ: ఆదోని తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ఆదోని. పత్తి వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి కర్నూలులో లా చదివింది, ఈ ఏడాది ఎల్ఎల్ఎం పూర్తవుతుంది. ఇప్పుడు కెనడా వెళ్లి ఆర్గ్యుమెంటేషన్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. వాదించడం నేర్చుకోవడానికి అంత దూరం పోవాలా? కన్సల్టెన్సీ వాళ్లను అడిగితే ఆ కోర్సు పేరే వినలేదన్నారు. దరఖాస్తు చేయనివ్వమంటారా?

జవాబు: చేయనివ్వండి. అయితే రెండు షరతులు: ఫండింగ్ లేకుండా వెళ్లకూడదు, లా సబ్జెక్టును వదిలిపెట్టకూడదు.

కన్సల్టెన్సీ వాళ్లు ఈ పేరు వినకపోవడంలో వింతేమీ లేదు. పీహెచ్‌డీ సీటు ఎవరికివ్వాలో తేల్చేది ఆ శాఖలోని ప్రొఫెసర్లు. మధ్యలో కన్సల్టెన్సీకి పని లేదు, కాబట్టి వాళ్లకు ఫీజు కట్టాల్సిన పనీ లేదు.

మీ అమ్మాయి చెబుతున్నది ఒంటారియో రాష్ట్రంలోని విండ్సర్ విశ్వవిద్యాలయం గురించి అయి ఉంటుంది. అక్కడ నేర్పేది కోర్టులో గెలిచే విద్య కాదు. మనుషులు ఒకరినొకరు ఎలా ఒప్పిస్తారు, ఏ కారణం నిలబడుతుంది, ఏది నిలబడినట్టు కనిపించి కూలిపోతుంది అన్నది పరిశోధిస్తారు. 1958లో తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ ఇంగ్లండులో, పెరెల్మాన్, ఓల్‌బ్రెక్ట్స్-టిటెకా బెల్జియంలో వేర్వేరు పుస్తకాలతో ఈ చర్చను కొత్త దారి పట్టించారు. పాఠ్యపుస్తకాల్లోని తర్కం పత్రికల్లోని వాదనలను పరీక్షించడానికి చాలడం లేదని విండ్సర్‌లో రాల్ఫ్ జాన్సన్, ఆంథొనీ బ్లెయిర్ 1970లలో మరో పద్ధతికి పునాది వేశారు. ఇప్పుడు తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం, కమ్యూనికేషన్ వంటి శాఖల వాళ్లు ఈ రంగంలో కలిసి పనిచేస్తున్నారు. లా చదివినవాళ్లకు ఇందులో చోటుంది.

అమ్మాయి రాసుకున్న పరిశోధన ప్రతిపాదనను మీరు ఉత్తరంతో జతచేశారు. అంశం ‘సోషల్ మీడియాలో తప్పుడు వాదనలు’. దీనితో సీటు రావడం కష్టం. ప్రపంచమంతా రాస్తున్న అంశమది, అందులో ఆమె మాత్రమే చెప్పగలిగింది ఏదీ కనిపించలేదు. కానీ అదే కాగితం చివర, ఇంటర్న్‌షిప్‌లో లోక్ అదాలత్‌కు వెళ్లినట్టు ఒక్క వాక్యం ఉంది. అసలు సరుకు అక్కడుంది.

ఒక గట్టు తగాదా తీసుకుందాం. ‘మా తాత కాలం నుంచి హద్దురాయి అక్కడే ఉంది’ అంటాడు ఒక రైతు. చాలాకాలంగా కదలని రాయే అసలు హద్దు అన్న నమ్మకం ఆ మాట వెనుక ఉంది, దాన్ని అతను పైకి చెప్పడు. రెండో రైతు సర్వే పటం తెచ్చి సరిగ్గా ఆ నమ్మకాన్నే కొడతాడు. టూల్మిన్ పద్ధతిలో పైకి చెప్పిన మాట, దాని వెనుక నమ్మకం, దాన్ని కొట్టే అభ్యంతరం, ఇవన్నీ విడివిడిగా గుర్తించవచ్చు. కాసేపటికి ‘ఎవరిది న్యాయం’ అన్న మాట పోయి ‘ఎంత ఇస్తావు’ అన్న మాట వస్తుంది. తర్వాతి కాలంలో విండ్సర్‌లో పనిచేసిన డగ్లస్ వాల్టన్, ఎరిక్ క్రాబేతో కలిసి 1995లో సంభాషణలను ఒప్పించడం, బేరమాడడం, విచారించడం వంటి రకాలుగా విభజించారు. ఒక రకం నుంచి మరో రకానికి జారడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు మోసం అని కూడా వాళ్లు అడిగారు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అలాంటి చోట ఆ జారుడు ఏ క్షణంలో జరిగింది, ఎవరు జరిపించారు అన్నది చిన్న ప్రశ్న కాదు. తెలుగు తెలిసి, చట్టం తెలిసి, ఆ హాల్లో కూర్చున్న మనిషి అడగాల్సిన ప్రశ్న ఇది. మన ప్రాచీన తర్కగ్రంథం న్యాయసూత్రాలు వాదం (నిజం తేల్చడానికి), జల్పం (గెలవడానికి), వితండం (ఎదుటివారిని ఖండించడానికే) అని చేసిన విభజనను కూడా చదివి పక్కన పెట్టుకుంటే మంచిది. అలంకారానికి మాత్రం వాడవద్దని చెప్పండి, ఆ రంగం వాళ్లు పసిగట్టేస్తారు.

దరఖాస్తుతో పంపే రైటింగ్ శాంపిల్‌గా (రాత నమూనాగా) ఎల్ఎల్ఎం డిసర్టేషన్ మొత్తం పంపకూడదు. అందులోంచి ఒక అధ్యాయం తీసి, ఈ కోణంలో తిరగరాయాలి. ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే ఎస్‌ఓపీని ‘చిన్నప్పటి నుంచి నాకు వాదించడమంటే ఇష్టం’ అని మొదలుపెడితే చదివేవాళ్లు అక్కడే ఆవులిస్తారు. ముందుగా ఒక ప్రొఫెసరుకు అర పేజీ మెయిల్ రాయాలి: తన ప్రశ్న ఏమిటి, ఆయన రాసిన దేనితో అది ముడిపడింది, విద్యార్థులను తీసుకుంటున్నారా. అంతే.

విండ్సర్ ఒక్కటే నమ్ముకోవద్దు. స్విట్జర్లాండులోని లుగానోలో మధ్యవర్తిత్వంలో వాదనల మీదే పరిశోధన ఉంది, మీ అమ్మాయి అంశానికి అది ఇంకా దగ్గర. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ ఈమెరెన్, గ్రోటెన్‌డోర్స్ట్ మొదలుపెట్టిన సంప్రదాయం పేరున్నది. ఈ రెండు దేశాల్లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగం. కెనడాలో సాధారణంగా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (బోధనలో సాయపడినందుకు ఇచ్చే జీతం), స్కాలర్‌షిప్ కలిపి ఇస్తారు. ఆఫర్ లెటర్‌లో ఎన్నేళ్లు, ఎంత, ట్యూషన్ ఫీజు పోగా చేతికి మిగిలేదెంత అన్నది చూడండి. లెక్క కుదరకపోతే ఆ ఏడాదికి ఊరుకోండి. అప్పు తెచ్చి, పొలం తాకట్టు పెట్టి పీహెచ్‌డీ చేయించడం నేను ఒప్పుకోను.

ఇక రెండో షరతు. మన దేశంలో అధ్యాపక ఉద్యోగాలు సబ్జెక్టుల వారీగా ఉంటాయి. ఆర్గ్యుమెంటేషన్ పేరుతో పోస్టు పడదు. 2018 యూజీసీ నిబంధనల్లో, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీకి నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) మినహాయింపు ఉంది. విండ్సర్ డిగ్రీ విషయంలో ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకోవద్దు. ఆమె వెళ్లకముందే లా సబ్జెక్టులో నెట్ రాసి పాసవ్వాలి. అధ్యాపక అర్హతకు అది జీవితాంతం చెల్లుతుంది. ఎల్ఎల్ఎంలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు 50 శాతం మార్కులు ఉండాలి.

ఇదే బాటలో ఉన్న ఎస్సీ కుటుంబాల పిల్లలకు ఒక మాట. విదేశీ చదువుకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022లో మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీది పరిశోధనాంశాలను మినహాయించారు. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనలు తీసి, మీ అంశం ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి.

సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకు పని ఏడాది ముందే మొదలవ్వాలి. అన్నిటికంటే ఆలస్యమయ్యేది యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచి నుంచి సీలు కవరులో వచ్చే ట్రాన్‌స్క్రిప్టులే (అధికారిక మార్కుల పట్టికలే). మార్కుల మెమోల్లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూడండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించి, ఆ తర్వాతే ట్రాన్‌స్క్రిప్టులకు చలానా కట్టండి.