వెన్నెల కత్తి వెంట

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే జపాన్ వీడియో ఆటల స్టూడియో చరిత్ర మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ ఆటలను పైపైన చూసి కాక, చేతులు నొప్పి పుట్టేదాకా ఆడి రాశావని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. అందుకే నాలుగు మెచ్చుకోలు మాటలు రాసి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. నీ వ్యాసంలో సగానికి పైగా ఒక జాబితాయే ఉంది: వెన్నెల కత్తి అనే ఆయుధం ఏయే ఆటల్లో వచ్చింది, ప్యాచెస్ అనే మోసగాడు ఎక్కడెక్కడ కనిపిస్తాడు, విషపు మడుగులు ఎన్ని ఉన్నాయి అని. జాబితా వేసుకోవడం అవసరమే, కానీ అది రాయడానికి కూర్చునే ముందు చేసుకోవలసిన పని. ఒక స్టూడియో ఒకే వస్తువును దాదాపు ముప్పయ్యేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ ముందుకు తెస్తూ ఉంటే, వచ్చిన ప్రతిసారీ ఆ వస్తువులో ఏం మారిందో చెప్పడం రచయిత బాధ్యత. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

ముందు చరిత్ర భాగం చూద్దాం. 1986 నవంబరు 1న టోక్యోలో నవోతోషి జిన్ స్థాపించిన ఈ సంస్థ మొదట వ్యాపార అవసరాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేదని ఒక వాక్యం రాసి, మరుసటి వాక్యంలోనే 2009 నాటి ఆట డీమన్స్ సోల్స్‌కు దూకావు. మధ్యలోని ఇరవై మూడేళ్ళను వదిలేస్తే తర్వాత నువ్వు చెప్పే ఏ లక్షణానికీ వేరు కనిపించదు. జపాన్‌లో 1994 డిసెంబరు 3న సోనీ ఆటయంత్రం ప్లేస్టేషన్ విడుదలైతే, పదమూడు రోజులకే, డిసెంబరు 16న, ఈ సంస్థ తన తొలి ఆట కింగ్స్ ఫీల్డ్‌ను తెచ్చింది. ఆటగాడి కళ్ళతోనే చూసే త్రీడీ లోకం, బరువుగా పడే అడుగులు, చీకటి దారులు, ఎటు వెళ్ళాలో చెప్పేవారు లేకపోవడం, తొలి నిమిషాల్లోనే ప్రాణం పోయే ప్రమాదం, అన్నీ అప్పటికే అందులో ఉన్నాయి. నువ్వు 2009లో పుట్టాయని రాసిన లక్షణాలు అప్పటికి పదిహేనేళ్ళ వయసువి.

ఇక్కడే ఒక పొరపాటు దిద్దుకోవాలి. 1994 ఆట అంటూ నువ్వు వర్ణించిన సముద్రతీరం, ఆ మెలనాట్ ద్వీపం, నిజానికి 1995లో జపాన్‌లో వచ్చిన రెండో భాగానివి. మొదటి భాగాన్ని అప్పట్లో జపాన్ దాటించకపోవడం వల్ల, ఉత్తర అమెరికాలో రెండో భాగానికే కింగ్స్ ఫీల్డ్ అని పేరు పెట్టి అమ్మారు. అందువల్ల ఈ స్టూడియో తొలి ఆటల గురించి రాసేటప్పుడు పేరును నమ్ముకోకుండా, విడుదలైన దేశం, సంవత్సరం రెండూ సరిచూసుకోవడం అలవాటు చేసుకో.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ప్రతి గొప్పదనాన్నీ దర్శకుడు హిదెతకా మియాజాకీ ఖాతాలో వేశావు. ఆయన మీద నాకున్న గౌరవం తక్కువది కాదు. ఐటీ ఉద్యోగంలో ఉన్న మనిషి ఐకో అనే ఆట ఆడి మనసు మార్చుకుని, ఇరవై తొమ్మిదో ఏట, 2004లో, తక్కువ జీతానికి ఈ సంస్థలో చేరడం సామాన్యమైన సాహసం కాదు. యుద్ధయంత్రాలు నడిపే ఆర్మర్డ్ కోర్ ఆటల మీద పనిచేసి, నాలుగో ఆర్మర్డ్ కోర్‌కు దర్శకత్వం వహించి, ఆపైన దారి తప్పి కుంటుతున్న డీమన్స్ సోల్స్ పనిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఎలాగూ విఫలమైందని అందరూ అనుకుంటున్న పని కాబట్టి అందులో తన ఇష్టం వచ్చినట్టు చేసినా అడిగేవారు ఉండరని భావించానని ఆయనే తర్వాత చెప్పాడు. 2014లో ఆయన సంస్థకు అధ్యక్షుడయ్యాడు. ఇదంతా నిజమే. కానీ వెన్నెల కత్తి ఆయన రాకకు పదేళ్ళ ముందే ఉంది. డార్క్ సోల్స్ రెండో భాగానికి దర్శకులు తొమొహిరో షిబుయా, యుయి తనిమురా. 2023లో వచ్చిన ఆరో ఆర్మర్డ్ కోర్‌కు దర్శకుడు మసారు యమమురా. ఒక వ్యక్తి చరిత్రకూ ఒక సంస్థ చరిత్రకూ తేడా ఉంది. మియాజాకీ ఆ ఇంటికి వచ్చి, అటక మీద ఉన్న పాత సామాను దించి, దేనికి ఏ కొత్త ఉపయోగం ఉందో కనిపెట్టినవాడు. అలా చెబితే ఆయన గొప్పదనం తగ్గదు, ఇంకా స్పష్టమవుతుంది.

ఇప్పుడు వెన్నెల కత్తి సంగతికి వస్తాను. నువ్వు దాని పేరు పక్కన ఆరు ఆటల పేర్లు రాసి వదిలేశావు. నేనైతే వ్యాసానికి అదే వెన్నెముక చేసుకునేవాణ్ణి. కింగ్స్ ఫీల్డ్ రెండో భాగంలో అది రాజ్యం పోగొట్టుకున్న పవిత్ర ఖడ్గం. దొంగిలించినవారి నుంచి దాన్ని తిరిగి తేవడానికే కథానాయకుడు ఆ ద్వీపానికి బయలుదేరతాడు. ఆర్మర్డ్ కోర్‌లో అదే పేరు యంత్రం చేతికి అమర్చే లేజర్ కత్తికి వచ్చింది, అంటే వందల విడిభాగాల్లో ఒకటైంది. డీమన్స్ సోల్స్‌లో అది రోగాలతో కుళ్ళిన లోయలో, మెరిసే జలగల్లాంటి పురుగుల గుట్ట కింద కూరుకుపోయి ఉంటుంది. రాజులు వెతికిన కత్తి అక్కడ బురదలో ఉంది. డార్క్ సోల్స్‌లో సీత్ అనే తెల్లని డ్రాగన్ తోక నరికితేనే అది దొరుకుతుంది. సీత్ అనే పేరు కూడా కింగ్స్ ఫీల్డ్ నుంచి వచ్చిందే. కానీ ఈసారి ఆ డ్రాగన్ పొలుసులు లేకుండా పుట్టి, తోటివారికి ద్రోహం చేసి, అమరత్వం కోసం పరిశోధనలు చేస్తూ మతి చెడినవాడు.

బ్లడ్‌బోర్న్ అదనపు అధ్యాయంలో లుడ్విగ్ అనే ఒకప్పటి చర్చి వేటగాడితో పోరును మాత్రం నీ వ్యాసంలో దగ్గర నుంచి చూపించాలి. మొదట ఎదురయ్యేది గుర్రం పోలికలున్న వికృతమైన మృగం. నోరు తెరిచి అరుస్తూ, శవాల మధ్య నేల మీద పాకుతూ మీద పడుతుంది. ప్రాణం సగానికి వచ్చాక కూలబడుతుంది. అప్పుడు దాని వీపున ఇన్నాళ్ళూ కట్టుకుని ఉన్న కత్తి పచ్చని వెలుగుతో మెరుస్తుంది. మృగం తల తిప్పి దాన్ని చూస్తుంది. ఆ చూపుతో దానికి మనిషి బుద్ధి తిరిగి వస్తుంది. అదే వికృత శరీరం నిటారుగా లేచి, రెండు చేతులా కత్తి పట్టుకుని యోధుడిలా నిలబడుతుంది. పోరు ముగిశాక తెగిపడి ఉన్న ఆ తల దగ్గరికి చర్చి దుస్తుల్లో వెళ్ళి నిలబడితే, తన తర్వాత వచ్చిన చర్చి వేటగాళ్ళు తాను ఆశించినట్టు గౌరవంగా బతికారా అని అడుగుతుంది. అవునని అబద్ధం చెప్పాలా, కాదని నిజం చెప్పాలా అన్నది ఆటగాడి చేతిలో ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆయుధంగా వచ్చిన కత్తి ఇక్కడ ఒక మనిషి తన గురించి తాను నమ్ముకున్న చివరి నమ్మకమైంది. ఎల్డెన్ రింగ్‌కు వచ్చేసరికి అది యుద్ధంలో గెలుచుకునేది కాదు. రాన్నీ అనే పాత్ర కథను చివరిదాకా అనుసరించి ఆమె వేలికి ఉంగరం తొడిగినవారికి ఆమె వదిలి వెళ్ళే పెళ్ళికానుక. పవిత్ర ఖడ్గం నుంచి పెళ్ళికానుక వరకు సాగిన ఈ ప్రయాణాన్ని నువ్వు ఒక్క వరుసలో ఆరు పేర్లుగా సర్దేశావు.

ప్యాచెస్ విషయంలోనూ ఇదే జరిగింది. గోతి అంచున నిధి ఉందని ఆశపెట్టి, వంగి చూసేవాణ్ణి వెనుక నుంచి తన్ని, తర్వాత క్షమించమని వేడుకుని సరుకులు అమ్ముకునే ఈ మోసగాడు డీమన్స్ సోల్స్ నుంచి ఎల్డెన్ రింగ్ దాకా పదేపదే వస్తాడు. ఆటగాళ్ళకు అతని గొంతు వినగానే తెలుస్తుంది, తెలిసీ గోతి అంచుకు వెళతారు. కానీ 2017లో వచ్చిన డార్క్ సోల్స్ మూడో భాగపు చివరి అధ్యాయంలో ల్యాప్ అనే యోధుణ్ణి తలచుకో. నిండు కవచంలో ఉంటాడు, జ్ఞాపకాలు జారిపోతున్నాయని బాధపడతాడు, మనసారా స్నేహం చేస్తాడు. తన జ్ఞాపకాలు తిరిగి తెచ్చుకునే దారి మనమే చూపిస్తాం. జ్ఞాపకం వచ్చిన తర్వాత, అంచున నిలబడిన మనల్ని వెనుక నుంచి తంతాడు. తానెవరో మరచిపోయినంత కాలం మంచివాడుగా ఉన్న మనిషి, గుర్తొచ్చిన క్షణం ప్యాచెస్ అయ్యాడు. ముందు ఆటల్లో ఆ తన్ను తిన్నవారికి మాత్రమే ఈ దృశ్యం పూర్తిగా అర్థమవుతుంది. స్టూడియో తన సొంత చరిత్రను కథకు ముడిసరుకుగా వాడుకున్న తీరు ఇది. నీ పాఠకుడికి ఇది చెప్పకపోతే మరేం చెబుతావు?

విషపు మడుగుల గురించి నువ్వు మూడు పేరాలు రాశావు. రెండు వాక్యాలు చాలు.

వస్తువుల కింద ఉండే చిన్న చిన్న వివరణల గురించి మాత్రం నిదానంగా రాయాలి. ఈ స్టూడియో కథను నేరుగా చెప్పదు. ఒక ఉంగరం కింద రెండు వాక్యాలు, ఒక కవచం కింద మూడు వాక్యాలు పెట్టి, మిగతాది మనల్నే అల్లుకోమంటుంది. చిన్నతనంలో తనకు పూర్తిగా అర్థంకాని ఇంగ్లీషు పుస్తకాలను చదువుతూ, తెలియని చోట్లను ఊహతో నింపుకునేవాణ్ణని మియాజాకీ చెప్పాడు. ఆ పిల్లవాడి అనుభవాన్నే పెద్దయ్యాక ఆటగాళ్ళకు ఇస్తున్నాడని అనుకుంటే ఈ పద్ధతి వెనుక ఉన్న ప్రేమ తెలుస్తుంది. అయితే ఆ ఖాళీని విమర్శకుడు కూడా ఊహతో నింపి, దాన్ని నిజంగా ప్రకటించకూడదు. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. డార్క్ సోల్స్ మొదట్లో ఎంచుకునే కానుకల్లో ఒక పతకం ఉంది. దానివల్ల ఏ ప్రయోజనమూ లేదని వివరణలోనే రాసి ఉంటుంది. మీరైతే ఏ కానుక తీసుకుంటారని అడిగినప్పుడు మియాజాకీ ఆ పతకం పేరు చెప్పడంతో, దానిలో పెద్ద రహస్యం ఉందని లోకమంతా వెతికింది. నేనూ నమ్మి, ఒక పత్రికకు పెద్ద వ్యాసం రాసి, ఆ రహస్యం ఫలానా అని నిర్ధారించాను. తర్వాత కొంతకాలానికి అది తాను సరదాకు చేసిన చిలిపి పని మాత్రమేనని ఆయన వెల్లడించాడు. నా వ్యాసం చదివి రోజుల తరబడి వెతికిన పాఠకులకు సంజాయిషీ రాయవలసి వచ్చింది, ఆ బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది. అప్పటి నుంచి ఆటలో ఉన్న మాటను ఆటలో ఉన్నట్టుగా, నా ఊహను నా ఊహగా విడివిడిగా రాస్తున్నాను. నీ వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయిన చోట్ల పెన్సిలుతో గీత గీశాను, చూసుకో.

ఆటగాళ్ళు నేల మీద సందేశాలు రాసుకుంటూ ఒకరికొకరు సాయపడే ఆన్‌లైన్ పద్ధతి పుట్టుకను నువ్వు వదిలేయడం నాకు వెలితిగా అనిపించింది. ఒకసారి బాగా మంచు కురిశాక, మియాజాకీ వెళ్తున్న ఎత్తైన రోడ్డు మీద వాహనాలు ఎక్కలేక ఆగిపోతే, వెనుక ఉన్న కారు ముందు కారును నెట్టుతూ ఒకరి తర్వాత ఒకరు పైకి చేరారట. తనను నెట్టినవారికి ఆగి కృతజ్ఞత చెబితే మళ్ళీ అందరూ ఆగిపోతారు కాబట్టి మియాజాకీ చెప్పలేకపోయాడు. వారు మళ్ళీ కనిపించనూ లేదు. పేరూ ముఖమూ తెలియని మనిషి ముందు గొయ్యి ఉందని రాసి వెళ్ళిపోయే ఆ సందేశాల్లో ఆ మంచు రోజు ఉంది. తర్వాత 2019లో వచ్చిన సెకిరోలో, విడుదల నాటికి, ఈ సందేశాలు లేవు. నచ్చినట్టు మలచుకునే పాత్ర కూడా లేదు, పేరూ గతమూ ఉన్న ఒకే ఒక్క నింజా ఉన్నాడు. ఎప్పుడూ తెచ్చేదాన్ని ఒక ఆటలో తీసి పక్కన పెట్టారంటే, అక్కడ దాని అవసరం ఏమిటో తీవ్రంగా ఆలోచించి ఉంటారు. నీ జాబితాలో సెకిరో ఎదురుగా ఖాళీలు వదిలావు. ఆ ఖాళీల మీద ఒక పేరా రాయి.

అమ్మకాల లెక్కలు తగ్గించు. ఎల్డెన్ రింగ్ 2022లో వచ్చి ఏడాదిలో రెండు కోట్ల ప్రతులు దాటిందన్న ఒక్క వాక్యం ఉంచితే చాలు. దాని పక్కనే, సోనీ తన సొంత యంత్రం కోసం తయారైన డీమన్స్ సోల్స్‌ను అమెరికాలో విడుదల చేయడానికి ఇష్టపడక అట్లస్ అనే మరో సంస్థకు వదిలేసిందని రాయి. ఆ రెండు వాక్యాల మధ్య దూరం పాఠకుడికే తెలుస్తుంది.

చివరగా నీ నాలుగో పేరా. డార్క్ సోల్స్‌లో సిఫ్ అనే పెద్ద తోడేలుతో పోరును బాగా రాశావు. యజమాని అర్టోరియస్ సమాధిని కాపలా కాస్తూ, నోట కత్తి కరచుకుని పోరాడి, ప్రాణం తగ్గేకొద్దీ కుంటుతూ, కత్తి విసిరిన ఊపుకు తానే తూలిపడే ఆ జంతువును చంపడం ఎంత కష్టమో నీ వాక్యాల్లో ఉంది. కానీ నువ్వు చూసింది ఒక్క దృశ్యమే అనుకుంటాను. 2012లో ఆటకు చేర్చిన అదనపు అధ్యాయంలో గతంలోకి వెళ్ళి, అగాధంలో చిక్కుకున్న పిల్ల సిఫ్‌ను ముందు రక్షించి, ఆ తర్వాత ఈ సమాధి దగ్గరికి వస్తే ఆరంభం వేరుగా ఉంటుంది. తోడేలు వెంటనే పళ్ళు చూపించదు. దగ్గరికి వచ్చి నీ వాసన చూస్తుంది, గుర్తుపడుతుంది. ఆకాశం వైపు తల ఎత్తి ఏడుస్తుంది. ఆ తర్వాత కత్తి దగ్గరికి నడిచి వెళ్ళి దాన్ని నోట కరచుకుంటుంది. సమాధి అదే, కత్తి అదే, పోరు కూడా అదే. పాత సేవ్ పక్కన పెట్టి కొత్తగా ఆట మొదలుపెట్టి ఈ దారిలో ఒకసారి వెళ్ళు. వారం పడుతుంది. ఆ తర్వాత నాలుగో పేరా తిరిగి రాసి నాకు పంపు, మిగిలిన వ్యాసం అప్పుడు చూస్తాను.

ప్రేమతో,
నీ శ్రేయోభిలాషి