గ్రాఫిక్స్ లైబ్రరీ రాయబోయే మేనల్లుడికి

రాయగడ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సంతలో కాటాకి బిగించే చిన్న తెర, కొట్లో విండోస్ కంప్యూటరు, చేతిలో ఆండ్రాయిడ్ ఫోను, మూడింటికీ బొమ్మలు గీసే ఒకే లైబ్రరీ కావాలనీ, సరుకు పేరు తెలుగులోనూ ఒడియాలోనూ పడాలనీ రాశావు. చెయ్యొచ్చు. గీసే పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే ఓపెన్‌జీఎల్‌తో మొదలెడతానన్నది మాత్రం మానుకో. కాటా బోర్డులో ఆ చిప్, అంటే జీపీయూ, ఉండదు. రేపు మ్యాక్ కావాలన్నా, యాపిల్ 2018లోనే దాన్ని పక్కన పెట్టేసింది. సీపీయూతో నీ మెమరీలో నువ్వే గీయి. గీసింది తెరకి చేర్చడం ఒక్కటే ప్లాట్‌ఫారం పని.

అలా చేస్తే ఒక్కో ప్లాట్‌ఫారానికి ఐదు ఫంక్షన్లు చాలు: తెర తెరవడం, పిక్సెళ్లు పంపడం, ఇన్‌పుట్ తేవడం, టైము చెప్పడం, మూసెయ్యడం. ఈ ప్లాట్‌ఫారానికి ఈ కోడు అని ఎంచే ఇఫ్‌డెఫ్‌లు ఆ ఫంక్షన్లుండే ఫైళ్లు దాటి బయటికి రాకూడదు. మిగతాదంతా సీ భాష 1999 ప్రమాణం, సీ99. కాలేజీలో టర్బో సీ నేర్పిన అలవాట్లు రెండు వదులుకో. తెర ఒక్కటే ఉంటుందనుకుని అంతా గ్లోబల్ వేరియబుల్స్‌లో పెట్టకు, ప్రతి ఫంక్షనుకీ దేని మీద గీయాలో చెప్పే సర్ఫేస్ పాయింటరు ఇవ్వు. పుట్‌పిక్సెల్‌తో చుక్కచుక్కగా నింపకు, వరసలో ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని ఒకేసారి నింపు.

అందరూ బోల్తాపడేది స్ట్రైడ్ దగ్గర, అంటే మెమరీలో ఒక వరస మొదలు నుంచి తర్వాతి వరస మొదలుకి ఉండే దూరం దగ్గర. పిక్సెల్‌కి 24 బిట్లుండే విండోస్ డిబ్‌లో (మెమరీలో బొమ్మ దాచే విండోస్ పద్ధతి) 30 పిక్సెళ్ల వరసకి 90 బైట్లనుకుంటావు. వరస 4 బైట్ల లెక్కకి సర్దుకోవాలి గనక అది 92. ఆ రెండు బైట్లు మరిస్తే బొమ్మ ఏటవాలుగా జారిపోతుంది. ఆండ్రాయిడ్‌లో గీయడానికి నేటివ్ విండోని లాక్ చేస్తే వచ్చే స్ట్రైడ్ బైట్లలో కాదు, పిక్సెళ్లలో ఉంటుంది. డిబ్ ఎత్తు మామూలుగా ఇస్తే బొమ్మ తలకిందులు, మైనస్ గుర్తుతో ఇవ్వాలి. 32 బిట్ల డిబ్ మెమరీలో నీలం ముందు, ఆండ్రాయిడ్ ఆర్‌జీబీఏలో ఎరుపు ముందు. తెర మీద పసుపు లేత నీలంగా కనబడితే తప్పు అక్కడే వెతుకు.

కాటా తెర 240×320, దాన్ని నడిపే చిప్ ఐఎల్ఐ9341 అన్నావు. పిక్సెల్‌కి 32 బిట్లయితే 3,07,200 బైట్లు. కాటా బోర్డు మీది ప్రాసెసరు చిప్ ఈఎస్‌పీ32లో మొత్తం ర్యామే 520 కేబీ, అదీ ఒకే ముక్కగా దొరకదు. కాబట్టి 20 వరసల పట్టీలు పదహారు చేసుకో. పట్టీకి 19,200 బైట్లు పడుతుంది. గీసి, 565కి (ఎరుపు 5, ఆకుపచ్చ 6, నీలం 5 బిట్లు) మార్చి పంపి, అదే మెమరీలో తర్వాతి పట్టీ గీయి. తెర చిప్ పెద్ద బైటు ముందు అడుగుతుంది, ఈఎస్‌పీ32 చిన్న బైటు ముందు దాస్తుంది, తిప్పి పంపు. తెరకి డేటా పంపే ఎస్‌పీఐ తీగని 40 మెగాహెర్ట్జ్‌లో నడిపినా నిండు తెర పంపడానికే 31 మిల్లీసెకన్లు. బరువు అంకెలుండే 120×40 ముక్క మాత్రం పంపితే 2 లోపే అయిపోతుంది. మారిన చోటే పంపే ఏర్పాటు మొదటి రోజునే పెట్టుకో, తర్వాత ఇరికించడం నరకం.

లెక్కలు ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల్లో) వద్దు. ఫోనులోని ఏఆర్ఎం ప్రాసెసరుకి కోడు తయారుచేసే కంపైలరు గుణకారాన్నీ కూడికనీ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా కలిపేస్తే చివరి బిట్టు మారి, ఫోనులో గీత ఒక పిక్సెల్ జరుగుతుంది. 8 బిట్ల భిన్నంతో ఫిక్స్‌డ్ పాయింట్, అంటే 256వ వంతులుగా పూర్ణసంఖ్యల్లో లెక్క, చాలు. రంగులు కలిపేటప్పుడు గుణించి వచ్చినదాన్ని 255తో భాగించే బదులు వట్టి 8 బిట్లు జరిపితే 255×255 కాస్తా 254 అవుతుంది. తెలుపు మీద తెలుపు పూసేకొద్దీ మసకబారుతుంది. గుణకారానికి 128 కలుపు, దాన్నే 8 బిట్లు జరిపి దానికే కలుపు, మళ్లీ 8 జరుపు. తేడా రాదు.

అక్షరాల జోలికి నువ్వు వెళ్లకు, ఒత్తులూ గుణింతాలూ అమర్చే హార్ఫ్‌బజ్‌కీ, ఫాంటులోంచి అక్షరం గీసే ఫ్రీటైప్‌కీ వదిలెయ్యి. 'స్త్రీ' ఆరు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ అంకెలు), ఒకటొకటిగా గీస్తే ఒత్తులు చెల్లాచెదురు. ఒడియాలో ఏత్వం మెమరీలో హల్లు తర్వాత ఉండి, తెర మీద హల్లుకి ముందు పడాలి. తెలుగు సరిగ్గా వచ్చిందని ఒడియా చూడకుండా వదలకు. ఫ్రీటైప్ కొలతలు పిక్సెల్‌లో 64వ వంతుల్లో వస్తాయి, భాగించడం మరిస్తే అక్షరం తెర అవతలికి పోతుంది. ఈఎస్‌పీ32లో ఇవేవీ నడపక్కర్లేదు. బియ్యం, చింతపండు, పసుపు లాంటి పేర్లు కంప్యూటర్లోనే బొమ్మలుగా చేసి బోర్డులో చెరగని మెమరీ, ఫ్లాష్‌లో పెట్టు.

ఈ వారం చెయ్యాల్సింది ఒకటే. పై ఎడమ మూల ఎరుపు, పై కుడి మూల ఆకుపచ్చ, కింది ఎడమ మూల నీలం, నాలుగోది ఖాళీ. ఈ బొమ్మ మూడు తెరల మీదా రావాలి. తలకిందులైనా, పక్కలు తారుమారైనా, రంగులు మారినా ఇట్టే దొరికిపోతాయి. కంప్యూటరులోనూ ఫోనులోనూ వెడల్పు 31, 33 పెట్టి కూడా చూడు. ఫోటో తీసి పంపు, త్రికోణాల సంగతి ఆ తర్వాత రాస్తాను.

మీ మావయ్య