సెల్ఫ్ కొడితే టిక్కుమంటోందా? ముందు ఎర్త్ చూడు

తమ్ముడూ, కొత్త బ్యాటరీ వేసినా టెక్కలిలో మీ పాత ట్రాక్టరు సెల్ఫ్ కొడితే టిక్కుమని ఆగిపోతోందన్నావు. నాకు ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్ నుంచి బండి బాడీకి వెళ్ళే వైరు) మీదే అనుమానం. దమ్ము బురదలో తిరిగే బండికి ఇది మామూలే. న్యూట్రల్‌లో పెట్టి, మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజన్ మీద రంగు గీకిన చోట ఆనించు. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. 0.5 ఓల్టు దాటిందా, ఎర్త్ సరిగా లేనట్టే. బ్యాటరీ వైరు విప్పి, ఎర్త్ వైరు చివరుండే లగ్గునీ (రింగునీ), అది బిగించే చోట బాడీనీ తళతళలాడేదాకా ఎమరీ కాగితంతో రుద్ది బిగించు.

దాటకపోతే సోలెనాయిడ్‌లో (సెల్ఫ్ మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్చులో) రాగి కాంటాక్టులు కాలి ఉండొచ్చు, ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించు. సెల్ఫ్ మోటారు టెర్మినళ్ళకి స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి స్టార్ట్ చేయడం మాత్రం వద్దు, గేరులో ఉంటే బండి మీదికొస్తుంది.