జామెట్రీ కిట్లు కొనాలా? కట్టడం కుదరని ఆకారం దగ్గరే పాఠం ఉంది

మీరు అడిగింది: "మా స్కూల్లో ఆరు నుంచి పది తరగతుల దాకా జామెట్రీ చెప్పడానికి పుల్లలు, జాయింట్లు, ప్లాస్టిక్ పలకలు ఉండే కిట్లు కొందామంటున్నారు. వాటితో పిల్లలకి నిజంగా లెక్కలు వస్తాయా, లేక నాలుగు రోజులు ఆడి బీరువాలో పడేస్తామా?"

వస్తాయి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, మీరన్న తరగతులే. కిట్‌తో ఏ పాఠం చెప్పాలో తేల్చుకోకుండా కొంటే మాత్రం మీ రెండో అనుమానమే నిజమవుతుంది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసి పిల్లలు అదే కడతారు, మనం ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం, బెల్లు కొడతారు. చూసినవాళ్లు మెచ్చుకుంటారు గానీ, ఆ పీరియడ్‌లో ఎవరూ ఏమీ ఆలోచించి ఉండరు.

నేను చూసినంతలో కిట్‌కి ఉన్న అసలు బలం ఏమిటంటే, దానితో కొన్ని ఆకారాలు కట్టడం కుదరదు. కాగితం దేనికైనా ఒప్పుకుంటుంది. భుజాలు 3, 4, 8 సెంటీమీటర్లుగా త్రిభుజం చిత్తుపటం గీయమంటే ఏదో ఒక త్రిభుజం గీసేసి, పక్కన 3, 4, 8 అని రాసిచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. అవే కొలతల పుల్లలు చేతికిస్తే ఆ పప్పులు ఉడకవు. 3, 4 పుల్లల్ని ఎంత వంచినా 8 మీద వాటి కొసలు కలవవు. అప్పుడు 4, 4, 8 ఇస్తాను. కొసలు కలుస్తాయి, కానీ మొత్తం నేలమీద ఒకే గీతలా పడుకుంటుంది. "ఇది త్రిభుజమేనా?" అని అడిగితే క్లాసు రెండుగా చీలిపోతుంది. "రెండు భుజాల మొత్తం మూడోదాని కన్నా ఎక్కువ" అనే వాక్యంలో 'సమానం' ఎందుకు లేదో ఆ వాదన తర్వాత నేను చెప్పక్కర్లేదు. ఏడో తరగతిలో ఈ వాక్యాన్ని బట్టీ పట్టించి చెప్పడం నేను మానేశాను.

అన్నిటికన్నా బాగా పండే పాఠం ఎనిమిదో తరగతిలో చతుర్భుజాల నిర్మాణం. చతుర్భుజం గీయడానికి ఐదు కొలతలు కావాలని పుస్తకం చెబుతుంది. త్రిభుజానికి మూడు భుజాలు సరిపోయినప్పుడు చతుర్భుజానికి నాలుగు ఎందుకు సరిపోవు? ఈ ప్రశ్న పిల్లలు అడగరు, మనమూ అడగం. నేను ఒక్కో జట్టుకి 10 సెం.మీ. పుల్లలు నాలుగు, జాయింట్లు నాలుగు ఇచ్చి చతురస్రం కట్టమంటాను. కట్టి బల్ల మీద నిలబెట్టగానే అది పక్కకి ఒరిగిపోతుంది. కీళ్లు వదులైన నవ్వారు మంచం ఇంట్లో చూసిన పిల్లలకి ఆ ఊగడం కొత్తేమీ కాదు. కానీ ఇక్కడ భుజాలన్నీ పదే, ఆకారం మాత్రం మారిపోతోంది. అంటే నాలుగు భుజాలు చెబితే ఏ చతుర్భుజమో చెప్పినట్టు కాదు.

"దీన్ని ఊగకుండా ఆపండి, ఒక్క పుల్ల మాత్రమే వాడాలి" అంటాను. ఒకసారి ఒకమ్మాయి దగ్గరున్న 10 సెం.మీ. పుల్లే తీసుకుని కర్ణంగా బిగించింది. బొమ్మ గట్టిగా నిలబడింది, కానీ చతురస్రం కాస్తా సన్నగా సాగి సమచతుర్భుజం అయిపోయింది. ఆ పిల్ల దాన్ని చేత్తో తిప్పి తిప్పి చూసి, "టీచర్, ఇవి రెండు సమబాహు త్రిభుజాలు" అంది. కోణాలు 60, 120 అని పక్క పిల్లవాడు చెప్పాడు. మరి చతురస్రమే కావాలంటే ఎంత పుల్ల? 12 పెట్టారు, చాల్లేదు. 15 పెట్టారు, ఎక్కువైంది. 14 దగ్గర మూలమట్టానికి దాదాపు సరిపోయింది, ఇంకో పిసరు కావాలి. చతురస్రంలో కర్ణం భుజానికి √2 రెట్లని వాళ్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో తరగతిలో √2 అంటే దాదాపు 1.414 అని బోర్డు మీద రాసిన రోజు ఆ జట్టులో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అక్కడి నుంచి పంచభుజికి వెళ్తే రెండు కర్ణాలు, షడ్భుజికి మూడు. అలా ఎందుకో పిల్లలే చెప్పగలరు: మొదటి పుల్లకి రెండు శీర్షాలు (మూలలు), ఆ తర్వాత కొత్త శీర్షం నిలబడాలంటే ప్రతిసారీ రెండేసి పుల్లలు. మొత్తం 2V−3, ఇందులో V అంటే శీర్షాల సంఖ్య. V దగ్గర 4 వేస్తే ఐదు వస్తుంది. పుస్తకంలోని ఐదు కొలతలు అవే.

దీన్నే 3-D ఆకారాల్లోకి తీసుకెళ్తే ఇంకా బాగుంటుంది. పన్నెండు పుల్లలిచ్చి సగం జట్లని ఘనం, మిగతా సగాన్ని అష్టముఖి (ఎనిమిది త్రిభుజాల ముఖాలుండేది) కట్టమనండి. పుల్లలు రెండిటికీ పన్నెండే. అష్టముఖి నొక్కినా కదలదు. ఘనం చేయి తీయగానే కూలిపోతుంది. "టీచర్, మా జాయింట్లు లూజు" అని కంప్లైంట్ వస్తుంది. జాయింట్లు మార్చి ఇస్తాను, మళ్లీ కూలుతుంది. చుట్టూ చూస్తే ఘనం కట్టిన ప్రతి జట్టుదీ కూలింది. తప్పు జాయింట్లది కాదని వాళ్లకి వాళ్లే తేల్చుకుంటారు. మొదటి త్రిభుజానికి మూడు పుల్లలు, ఆ తర్వాత ప్రతి కొత్త శీర్షానికీ మూడేసి, అంటే 3V−6 కావాలి. అష్టముఖికి శీర్షాలు 6, కాబట్టి 12 చాలు. ఘనానికి శీర్షాలు 8, కాబట్టి 18 ఉండాలి. తగ్గినవి ఆరు, ఘనానికి ముఖాలూ ఆరు! ముఖానికో కర్ణం చొప్పున బిగిస్తే ఘనం గట్టిగా నిలబడుతుంది. ఈ లెక్క పెట్టే పద్ధతిని 1864లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ రాశాడు. పదో తరగతి పిల్లలకి ఇది పూర్తిగా అందుతుంది. రాజమండ్రి–కొవ్వూరు మధ్య 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన ఫోటో చూపిస్తే ఆ ఇనుప దూలాల్లో ఏటవాలువి ఎందుకున్నాయో వాళ్లే చెబుతారు.

పలకలున్న కిట్లది వేరే ఉపయోగం. ఒక శీర్షం చుట్టూ సమబాహు త్రిభుజాలు మూడు పెడితే చతుర్ముఖి మూల, నాలుగు పెడితే అష్టముఖి మూల, ఐదు పెడితే వింశతిముఖి (ఇరవై ముఖాలది) మూల వస్తాయి. ఆరు పెడితే మొత్తం చదునుగా పడుకుంటుంది, ఎందుకంటే ఆరు అరవైలు 360. ఇక చతురస్రాలు మూడు, పంచభుజులు మూడు, అంతే. షడ్భుజులు మూడు పెట్టినా చదునే. క్రమ బహుముఖులు (ముఖాలన్నీ ఒకేలా, మూలలన్నీ ఒకేలా ఉండే ఆకారాలు) ఐదే ఎందుకున్నాయో ఇలా ఒక్క పీరియడ్‌లో తెలుస్తుంది. ముఖాలు, అంచులు, శీర్షాలు లెక్కపెట్టే ఆయిలర్ సూత్రానికి పుల్లలైనా పలకలైనా సరిపోతాయి.

ఆరో తరగతిలో ఇంత దూరం వెళ్లొద్దు. చతురస్రాన్ని కాస్త తిప్పి పెడితే "డైమండ్" అనే పిల్లలు అక్కడ చాలామంది. ఆకారాన్ని వాళ్లు రూపం బట్టి గుర్తుపడుతున్నారు, లక్షణం బట్టి కాదు. నెదర్లాండ్స్‌లో పియరె, డీనా వాన్ హీలె అనే భార్యాభర్తలు, ఇద్దరూ లెక్కల టీచర్లే, పిల్లల జామెట్రీ ఆలోచన మెట్లుమెట్లుగా ఎదుగుతుందని చెబుతూ 1957లో తమ పరిశోధనలు సమర్పించారు. మొదటి మెట్టు మీదున్న పిల్లవాడికి రెండో మెట్టు మాటలు చెబితే ఎక్కవు. తన చేత్తో కట్టిన చతురస్రాన్ని తనే తిప్పి చూసుకుంటే, భుజాలూ కోణాలూ మారలేదని ఆ పిల్లవాడే ఒప్పుకుంటాడు.

ఇక కిట్ సంగతి. మొదటి ఏడాది కొనకండి. సైకిల్ షాపులో దొరికే వాల్‌ట్యూబు (సన్నటి రబ్బరు గొట్టం), అగ్గిపుల్లలు చాలు. పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా గారు 1978లో మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో పనిచేస్తూ ఈ పద్ధతి తయారుచేసి దేశమంతా పంచారు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. ట్యూబుని ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే రెండు పుల్లల జాయింటు. దాని మధ్యలో తుమ్మముల్లుతో పొడిచి, కొస చెక్కిన మూడో పుల్ల దూర్చితే మూడు పుల్లల జాయింటు. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కని దూర్చి లాగితే నాలుగు. అగ్గిపుల్లల మందు ముందే గీకేసి ఇవ్వండి. √2 లాంటి కొలత కావాల్సినప్పుడు మాత్రం అగ్గిపుల్లలు పనికిరావు, జాయింటు దగ్గర వచ్చే తేడా చిన్న పుల్లలో పెద్దగా కనిపిస్తుంది. దానికి పొడుగు వెదురు పుల్లలు వాడతాను. కొబ్బరి చీపురు పుల్లలు ఒక కొస లావు, ఒక కొస సన్నం, పైగా వంగుతాయి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై నుంచి నిషేధంలో ఉన్నాయి, కాగితం స్ట్రాలు పిల్లల చేతి చెమటకే మెత్తబడతాయి.

పీరియడ్ నడిపే తీరు కూడా చెప్పాలి. జాయింట్లు ముందురోజే కోసి పెట్టుకోకపోతే 45 నిమిషాలూ కోతకే పోతాయి. జట్టుకి నలుగురు. ఏడుగురుంటే ముగ్గురు కడతారు, నలుగురు కబుర్లు చెబుతారు. పుల్ల ముట్టుకోకముందే ఏం జరుగుతుందో నోట్‌బుక్‌లో రాయించండి: నిలబడుతుందా, కూలుతుందా, ఎందుకు? ఇది వదిలేస్తే మిగతాదంతా ఆటే. చివరి పది నిమిషాలు పుల్లలన్నీ డబ్బాలో పెట్టించి, కట్టినదాన్నే కాంపస్‌తో గీయించండి. పరీక్షలో గీయాల్సింది కాగితం మీదే. చేత్తో కట్టి, వెంటనే గీసిన పిల్లలు నిర్మాణ సోపానాలు క్రమం తప్పకుండా రాస్తున్నారు, నాకు అది ప్రతి పేపర్లో కనిపిస్తోంది. "పిల్లల్ని ఆడిస్తున్నారు" అన్న తల్లిదండ్రులకి నేను చూపించేది ఆ నోట్‌బుక్కులే.

కిట్‌తో కానివీ ఉన్నాయి. వృత్తాల పాఠానికి ఇవి దాదాపు దండగ. వైశాల్యానికి గళ్ల కాగితం మేలు. ఉపపత్తికి కిట్ ప్రత్యామ్నాయం కాదు. పది త్రిభుజాలు కట్టి కోణాలు కొలిస్తే 180కి అటూ ఇటూగా వస్తుంది, అది రుజువు కాదని ఎనిమిదో తరగతి నుంచే చెప్పాలి. ఒక సైన్స్ ఫెయిర్‌లో పెద్దవాళ్లు కట్టిచ్చిన థర్మకోల్ మోడల్ పక్కన నిలబడి పిల్లవాడు అప్పజెప్పడం చూశాను. కిట్ కూడా అలా మారిపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో ఏడాది కొనాలనుకుంటే కట్టే నమూనాల సంఖ్య చూసి మోసపోవద్దు. పుల్లల్లో కనీసం మూడు నాలుగు పొడవులు ఉండాలి. జాయింట్లు వదులుగా తిరగాలి. కోణం ముందే బిగించిన జాయింట్లుంటే చతురస్రం ఊగదు, పైన చెప్పిన పాఠాలేవీ నడవవు. పలకల కిట్‌లో త్రిభుజాలు ఎక్కువుండాలి, ఒక్క వింశతిముఖికే ఇరవై పోతాయి. జాయింట్లు ఎంత జాగ్రత్తపడినా పోతూనే ఉంటాయి కాబట్టి అవి విడిగా అమ్మే కంపెనీ కిట్టే తీసుకోండి. డబ్బాల లెక్క పిల్లల్లోనే ఇద్దరికి అప్పజెప్పండి. కిట్ ఆఫీసు రూమ్ బీరువాలో కాకుండా క్లాసులోనే ఉండేలా హెడ్మాస్టర్ గారితో ముందే మాట్లాడుకోండి.