తిప్పడం సరే, ఆపేదెట్లా?

బిడ్డా,

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంటి మీద గాలిమర పెడుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కి దిగినవాణ్ణి, నువ్వు అడగకపోయినా చెప్తా.

హనుమకొండలో బిల్లు తగ్గాలంటే సోలార్ పెట్టుకోండి, అది వేరే సంగతి. మన దిక్కు ఏడాదంతా నిలకడగా వీచే గాలి తక్కువ, కానీ ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే స్తంభాలు వంగిపోతాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కపూటలో నేలకూలాయి కదా. అందుకే ఎన్ని వాట్లు వస్తాయని కాదు, కరెంటు లేకుండా, దగ్గర మనిషి లేకుండా అది ఎట్లా ఆగుతుందో ముందు ఆలోచించు. దుమారంలో మొట్టమొదట పోయేది కరెంటే, ఇది నాకన్నా ఎవరికి తెలుసు!

గాలి వేగం రెండింతలైతే దాని శక్తి ఎనిమిదింతలవుతుంది. అందుకే పెద్ద టర్బైన్లు చాలావరకు గంటకు 90 కిలోమీటర్ల గాలి దగ్గర రెక్కల అంచును గాలికి పెట్టి ఆగిపోతాయి. అయినా 2003లో జపాన్ మియాకో దీవిలో తుఫానుకు టర్బైన్లు కూలాయి. ఆ దేశంలోనే చాలెనర్జీ అనే కంపెనీ రెక్కలు తీసేసి నిలువు సిలిండర్లు పెట్టింది. స్పిన్నర్ వేసిన బంతి గాలిలో పక్కకు జరుగుతుంది చూశావా, అదే మాగ్నస్ ఎఫెక్ట్. సిలిండర్‌ను మోటారు తిప్పుతుంటే గాలి దాన్ని పక్కకు నెడుతుంది, ఆ నెట్టుడుకే మొత్తం యంత్రం తిరుగుతుంది. సిలిండర్ల తిరుగుడు తగ్గిస్తే నెట్టుడూ తగ్గుతుంది, అంటే మోటారుకు కరెంటు పోయినా యంత్రం నెమ్మదించే వైపే పోతుంది. నాకు నచ్చింది అదే. 2016లో ఒకినావాలో, 2021లో ఫిలిప్పీన్స్ బటనెస్ దీవుల్లో వాటిని నిలబెట్టారు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లేమో తాటి జాతి చెట్లను చూసి, గాలి జోరుకు వెనక్కి ముడుచుకునే రెక్కల మీద పని చేశారు. మన గౌడన్నలను అడిగినా ఆ చెట్టు ఎట్లా ఊగుతుందో చెప్పేవాళ్లు, సరే.

నా తెలివీ చెప్తా. రిటైరయ్యాక డ్రమ్మును రెండుగా కోసి పొలం దగ్గర గాలిమర చేశా. ఒక సాయంత్రం బ్యాటరీ వైరు ఊడింది, లోడు లేక అది పిచ్చి పట్టినట్టు తిరిగి బోల్టు తెంచుకుంది. సగం డ్రమ్ము పక్కాయన మిర్చి కల్లంలో పడింది. మనిషెవరూ లేరు కాబట్టి బతికిపోయా, మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

నీ చిన్న గాలిమరకు తోక మడిచే పద్ధతి పెట్టు, అంటే చక్రాన్ని గాలికెదురుగా నిలిపే వెనక తోకకు కీలు ఉండాలి. గాలి హద్దు దాటితే చక్రం దానంతటదే పక్కకు తిరుగుతుంది, తగ్గితే తోక బరువుకే మళ్లీ గాలికెదురు వస్తుంది. జనరేటర్ మూడు వైర్లు కలిపి షార్ట్ చేస్తే బ్రేకు పడే మాట నిజమే, కానీ జోరందుకున్నాక చేస్తే వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, కాలుతుంది, మబ్బు పట్టగానే చెయ్యాలి. స్లాబుకు మాత్రం బిగించకు, ఇల్లంతా అదురుతుంది, పైగా చుట్టూ ఇళ్లుంటే గాలి సుళ్లు తిరుగుతుంది. పొలంలో పెడదాం. కింద కీలు, నాలుగు దిక్కులా పైపును లాగిపట్టే స్టే వైర్లు ఉంటే ఇద్దరం కలిసి పైపును పడుకోబెట్టొచ్చు.

నా దగ్గర జీఐ పైపు, స్టే వైరు ఉన్నాయి. గాలి కొలిచే మీటరు నువ్వు తీసుకురా, మొదటి నెల అదొక్కటే కడదాం.

మీ పెద్దబాపు