సోలార్ సబ్సిడీ మంజూరైందని ఫోన్ చేసి ముందే ఫీజు కట్టమంటే నమ్మవచ్చా?

కట్టకండి. మీ నాన్నగారిని కూడా కట్టనివ్వకండి. "మీకు 78,000 సబ్సిడీ మంజూరైంది, ఫైలు కదలాలంటే ఈ రోజే 5,500 రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అని ఆయనకు ఫోన్ వచ్చిందని రాశారు. 2024 ఎండాకాలంలో మా నాన్నకు కూడా ఇలాంటి ఫోనే వచ్చింది. మేం డబ్బు పోగొట్టుకున్నాం. ఆ తర్వాత వాళ్లు పేరు వాడుకున్న పీఎం సూర్యఘర్‌లోనే (ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) సరైన దారిలో సోలార్ పెట్టించుకున్నాం కూడా. అందుకే రెండూ చెబుతాను.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. నాన్న ఫేస్‌బుక్‌లో "ఉచిత సోలార్" అన్న ప్రకటన చూసి పేరు, ఫోన్ నంబర్, కరెంటు బిల్లు మీది సర్వీస్ నంబర్ నింపారు. మూడో రోజు ఫోన్ వచ్చింది. అవతలి మనిషి "బాబాయ్" అంటూ మర్యాదగా మాట్లాడి, సర్వీస్ నంబర్ తనే చదివి వినిపించాడు. దాంతో కరెంటు ఆఫీసు నుంచేనని నాన్న నమ్మేశారు. ఆ నంబర్ తానే ఇచ్చానన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. తర్వాత వాట్సాప్‌లో పథకం పేరుతో ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) పంపారు. అది ఇన్‌స్టాల్ చేయగానే మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది, నాన్న ఇచ్చారు. సబ్సిడీ వేయాలంటూ కార్డు వివరాలు కూడా ఆ యాప్‌లోనే నింపించారు. ఇక ఓటీపీ ఎవరూ అడగక్కర్లేదు, ఫోన్‌కు వచ్చింది వచ్చినట్టు వాళ్లకు చేరుతుంది. రెండు విడతల్లో 38,000 పోయాయి. అది వడ్లు అమ్మిన డబ్బు.

నాన్న గంటసేపు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తిడతారని భయం, ఈ వయసులో మోసపోయానన్న సిగ్గు. ఆయన ముఖం చూసి అమ్మ గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. నేను వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. రెండో విడతలో పోయిన డబ్బు ఇంకా వాళ్ల చేతికి అందలేదు, దాన్ని బ్యాంకులో ఆపగలిగారు. కొన్ని నెలలకు లోక్ అదాలత్ ద్వారా 21,000 తిరిగి వచ్చాయి, మిగతావి రాలేదు. ఆ గంట ముందే చెప్పి ఉంటే ఇంకొంత దక్కేదేమో అని నాకు ఇప్పటికీ బాధ. కాబట్టి మీ నాన్నగారిని దయచేసి మందలించకండి. భయపడితే రేపు ఇంకేదైనా జరిగినా మీతో చెప్పరు.

ఇప్పుడు అసలు పథకం గురించి. పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000. ఇది ముందుగా మంజూరై చేతికొచ్చే డబ్బు కాదు. మీరే దరఖాస్తు చేసుకోవాలి, పథకం పోర్టల్‌లో ఉన్న వెండర్లలో (ప్యానెళ్లు బిగించే కంపెనీల్లో) ఒకరిని ఎంచుకోవాలి. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటును, బయటికి పంపిన కరెంటును రెండింటినీ లెక్కించే మీటర్) పెట్టి, డిస్కం (కరెంటు సంస్థ) వాళ్లు వచ్చి చూసి వెళ్లాక మాత్రమే సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. మాకు తనిఖీ అయిన ఐదు వారాలకు పడింది. దరఖాస్తే చేయని వాళ్లకు "మంజూరైంది" అని ఫోన్ వచ్చిందంటే అది అబద్ధమని అక్కడే తెలిసిపోతుంది.

డబ్బు అసలే కట్టక్కర్లేదని కాదు. వెండర్‌కు కట్టాలి. మా 3 కిలోవాట్లకు 1,95,000 అయింది. ఒప్పందం రాసుకున్నాక, బిల్లు మీద, కంపెనీ బ్యాంకు ఖాతాకే పంపాం. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్నాం. ఒకతను మిగతావాళ్ల కంటే బాగా తక్కువ చెప్పాడు. అడగ్గా అడగ్గా తేలింది, అతను పెట్టేవి మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లు కావు. వాటికి ఈ సబ్సిడీ రాదు. కొటేషన్ మీద డీసీఆర్ అన్న మాట రాయించుకోండి, నోటి మాట చాలదు.

మాకు అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం మీటర్ పేరు దగ్గర జరిగింది. మీటర్ ఇంకా చనిపోయిన మా తాతగారి పేరు మీదే ఉంది. అది నాన్న పేరుకు మార్పించుకున్నాకే పని ముందుకు కదిలింది. పల్లెల్లో చాలా ఇళ్లది ఇదే పరిస్థితి, ముందు మీ బిల్లు తీసి పేరు చూడండి.

అసలు మీకు సోలార్ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. తెలంగాణలో రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లలోపు వాడే ఇంటికి గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. మీకు ఏడాది పొడవునా జీరో బిల్లే వస్తుంటే సోలార్ కోసం అప్పు చేయడం నా దృష్టిలో అనవసరం. మాకు బోరు మోటారు, ఏసీ ఉండటంతో ఎండాకాలం 350 దాటేది, అందుకే పెట్టించాం. ఒక కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి, వానాకాలం తగ్గుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకైతే లెక్క వేరు. అక్కడ ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే కార్యక్రమం ఉంది. ఆ పేరు చెప్పి డబ్బు అడిగినా మోసమే. అక్కడి ఉచిత గ్యాస్ పథకం దీపం-2 సిలిండర్ల డబ్బు వేస్తామని లింకులు పంపేవాళ్లనూ నమ్మవద్దు, ఆ డబ్బు ఖాతాలో దానంతటదే పడుతుంది.

"ఈ రాత్రి మీ కరెంటు కట్ అవుతుంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అన్న మెసేజ్ కూడా ఇలాంటిదే. అనుమానం వస్తే కరెంటు సంస్థ హెల్ప్‌లైన్ 1912కి చేయండి, లేదా మీ లైన్‌మన్‌ను అడగండి.

ఈ రోజే మీ నాన్నగారి ఫోన్ ఒకసారి చూడండి. వాట్సాప్‌లో ఏపీకే ఏదైనా వచ్చి, ఇన్‌స్టాల్ అయి ఉంటే ముందు డేటా, వైఫై ఆపండి, సిమ్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోనే మార్చండి. డబ్బు పోయి ఉంటే ఇంకేమీ చూడకుండా 1930కి చేయండి. పోకపోయినా ఆ ఫోన్ నంబర్‌ను కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో, అనుమానాస్పద కాల్స్ మీద ఫిర్యాదు చేసే 'చక్షు' విభాగంలో రిపోర్ట్ చేయండి.

మీటర్ ఎవరి పేరు మీద ఉందో, నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో కింద రాస్తే ఎన్ని కిలోవాట్లు సరిపోతాయో చెబుతాను. సర్వీస్ నంబర్ మాత్రం రాయకండి.