శని ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న: 114 మి.మీ. అద్దం, 900 మి.మీ. నాభ్యంతరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న టెలిస్కోప్ కొన్నాం. చంద్రుడు బాగానే కనిపిస్తున్నాడు. శని మాత్రం దొరకడం లేదు, దొరికినా మసకే. పరికరంలో లోపమా?

జవాబు: లోపం కాకపోవచ్చు. ముందు ఫైండర్ (ట్యూబు మీద గురి చూసే చిన్న పరికరం) సరిచేయండి. పగలే, సూర్యుడికి దూరంగా, కనీసం అర కిలోమీటరు అవతలి స్తంభం కొనను 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు తెచ్చి, ట్యూబు కదలకుండా ఫైండర్ మరలు తిప్పి అదే కొనను దాని గుర్తు మీదకు తేవాలి. బొమ్మ తలకిందులుగా కనిపించడం ఈ రకానికి సహజమే.

రాత్రి కూడా 25 మి.మీ.తోనే వెతకండి. నాభ్యంతరం 900ని ఐపీస్ 25తో భాగిస్తే 36 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. చిన్న కోడిగుడ్డులా కనిపించేదే శని. అప్పుడు 10 మి.మీ. పెడితే 90 రెట్లు, వలయం విడిగా తెలుస్తుంది. భూభ్రమణం వల్ల రెండు నిమిషాల్లోనే గ్రహం పక్కకు జారిపోతుంది, మెల్లగా వెంబడించాలి.

ఇక మసక. ఇంట్లోంచి తెచ్చిన వెంటనే చూస్తే ట్యూబులోని వెచ్చటి గాలి బొమ్మను కదిలిస్తుంది. అరగంట ముందే బయట పెట్టండి. గచ్చు కంటే మట్టి, గడ్డి నేల మేలు. 3ఎక్స్ బార్లోను (ఐపీస్ శక్తిని మూడు రెట్లు చేసే అదనపు కటకం) 4 మి.మీ. ఐపీస్‌తో కలపకండి: 675 రెట్లు వస్తుంది, ఈ అద్దానికి 228 దాటితే బొమ్మ పెద్దదవుతుందే గానీ వివరం పెరగదు.